బల్ల ఆదివారం

బల్లార్షాలో మే నెల.
పొద్దున ఏడింటికే గుడి రేకులు టప్పుటప్పున పేలుతున్నాయి.
కాగితం మిల్లు వాసనకు మా ముక్కులు ఎన్నడో చచ్చిపోయాయి,
కొత్త పాస్టరు మాత్రం ఇంకా
ఆశీర్వాదం మధ్యలో తుమ్ముతాడు.

ఈ నెల బల్ల సిద్ధం చేసే వంతు నాది.
రాత్రే ఎండుద్రాక్ష ఉడకబెట్టి వడగట్టాను.
చిన్న గిన్నెలు నలభై రెండు, ఒకటి పగిలింది.
నలభై ఒకటి తుడిచి పళ్లెంలో పేర్చి
రసం పోస్తుంటే
బలిపీఠం దగ్గర కానుక వదిలేసి
ముందు ఇంటికి వెళ్లమన్న మాట గుర్తొచ్చింది.
ఆ మాట వచ్చినచోట నేను ఎప్పుడూ
రెండు పేజీలు కలిపి తిప్పేస్తాను.

పదకొండు నెలలైంది వనమాలతో మాట్లాడక.
మూడు వరసల ముందు ఆమె కొంగు కనబడితే
పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంటాను.

మా అత్త సాలమ్మ పోయినప్పుడు
పంచుకోవడానికి బంగారం లేదు.
రెండు ఇత్తడి గుండ్లు, ఒక గొంగడి, ఒక బైబిలు.
గుండ్లు నావైపు నెట్టి
బైబిలు ఎత్తుకుపోయింది చిన్నకోడలు.
నాగ్‌భీడ్ పిల్ల, ఒక్క తెలుగక్షరం రాదు!
ఈ సంగతి నీళ్ల ట్యాంకరు దగ్గర చెప్పాను,
కుట్టుమిషన్ల దగ్గర చెప్పాను,
ఉపవాస కూటంలో
ప్రార్థన విన్నపమని పేరుపెట్టి చెప్పాను.

ఇవాళ మూడో వరస ఖాళీగా ఉంది.
పిల్లాడికి జ్వరమట, ఎవరో అన్నారు.
పళ్లెం దీనక్క చేతిలో పెట్టాను.
"యాడికి?" అంది. జవాబు నాకూ తెలియదు.
చెప్పుల్లోంచి తారు కాలుతోంది.

గని క్వార్టర్ల చివరి వాకిలి.
తలుపు తీసే ఉంది.
వనమాల జొన్నపిండి తడుతోంది,
మంచంమీద ఆమోసు, నుదుటిమీద తడిగుడ్డ,
తలగడ పక్కన అత్త బైబిలు.
నన్ను చూసి లేవలేదు, చేతికి పిండి ఉంది కదా.
"బస్, అక్కా" అంది. కూర్చున్నాను.

ఏం మాట్లాడాలో తోచక
"దాంతో ఏం చేస్తవే నువ్వు?" అన్నాను.
అడిగాక నాకే సిగ్గేసింది.

చేతులు కడుక్కుని, తుడుచుకుని, తెరిచింది.
మరకలను, చీటీలను తడుముతూ పోయింది.
మామ పగారు స్లిప్పు ఉన్నచోట ఆగి, "గొర్రెల కాపరి."
బొగ్గు బొటనవేలు ముద్ర పడ్డచోట, "యోబు. పుండ్లు."
పాప పుట్టెంట్రుకల పొట్లం దగ్గర, "హన్నా ఏడ్చింది."
కాజీపేట రైలు టికెట్టు దగ్గర ఆగిపోయింది.
అది అత్తను విడవని కోడలి కథ. నాకు తెలుసు.
తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాసేపటికి
"ఆయికి గూడ చదువు రాదు గదా అక్కా" అంది.

ఎనిమిదేళ్లు రాత్రిపూట నేనే చదివి వినిపించాను అత్తకు,
గొంతు సవరించుకుని, తప్పు లేకుండా.
చదువుకు అడ్డమని ఆ చీటీలన్నీ దులిపేసేదాన్ని.
ఆమె మంచం కింద వంగి
ఒక్కొక్కటి ఏరి
మళ్లీ ఎక్కడివక్కడ పెట్టుకునేది.
ఎక్కడివక్కడే.
ముసలామె చాదస్తం అనుకున్నాను.

భాకరీ కంచంలో పడింది, పైన వెల్లుల్లి కారం.
మేము ప్రార్థనలో ఆహారమని పెద్దమాట వాడతాం,
వీళ్లు భాకరీ అనే అడుగుతారు దేవుణ్ణి, పేరు పెట్టి.
గనిలో బ్లాస్టింగు.
కంచం కాస్త జరిగింది. పిల్లాడు ఒత్తిగిలాడు.
నేను ఇంకొకటి వేయమన్నాను.

బైబిలు అడగలేదు.
గుండు ఒకటి తెచ్చిస్తానని అనాలనుకుని
వాకిలి దాకా వచ్చి
"జ్వరం తగ్గకుంటే రేపు దవాఖానకు పోదాం" అన్నాను.

తిరిగి వచ్చేసరికి గుడికి తాళం.
తాళంచెవి నా కొంగుకే ఉంది.
గిన్నెలు కడగాలి.
ముప్పై తొమ్మిది ఖాళీ,
రెండు నిండుగా మిగిలాయి.
రెండింటికీ చీమలు పట్టాయి.